అతకదన్న రేకు

పెడనలో ఇప్పుడు అద్దకం గుడ్డల మీద కాదు, సిలికాన్ రేకుల మీద. చెట్ల రంగు అద్దిన రేకును ఎండలో పెడితే ఇంటికి కరెంటొస్తుంది. అయితే రంగులోని అణువులు రేకు మీద ఎలా కూర్చుంటాయో కంప్యూటరు ముందే బొమ్మ కట్టి చూసుకుంటుంది. అతకదని అది తేలిస్తే అద్దేవాళ్ల పట్టా రద్దు.

మా భ్రమరాంబ వదిన పాత అలవాటు కొద్దీ రేకులను కూడా గుడ్డల్లాగే కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి, ఆపైన రంగు అద్దింది. పాల సంగతి కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు. అది అతకదంది.

"పట్టా ఇటివ్వండమ్మా," అన్నారు తనిఖీకి వచ్చిన పరాంకుశం గారు.

"ఆరనిచ్చి గోకి చూడండి బాబూ. ఊడొస్తే నేనే ఇస్తా."

ఆయన ఆరేదాకా ఆగలేదు. కుడి బొటనవేలితో గోకారు. వేలు తిరిగి రాలేదు. అన్నయ్యా నేనూ నడుం పట్టి లాగాం. కంప్యూటరును మళ్లీ అడిగితే, అతకలేదంది.

"అతకలేదటగా, ఇక బయల్దేరండి," అన్నాను.

"మీరూరుకోండి మరిదిగారూ," అని వదిన ఆయనకు పప్పన్నం కలిపి ముద్దలు పెట్టింది. తినిపిస్తూనే పాల సంగతి కంప్యూటరుకు చెప్పింది.

మూడు రోజులు లెక్కగట్టి, అతికిందని కంప్యూటరు ఒప్పుకుంది. పరాంకుశం గారు ఎడమచేత్తో పట్టా మీద సంతకం పెట్టారు.

రేకు నుంచి వేలు ఊడే మార్గం కంప్యూటరు ఇంకా వెతుకుతోంది. ఈలోగా ఆయన రేకుతోనే ఆఫీసుకు వెళుతున్నారు. కిటికీ పక్కన కూర్చోబెట్టారట. ఆ గదిలో ఫ్యాను ఆగడం లేదు.