నీళ్ళల్లో మనుషులు

"ఇంజను ఆపండి! వెనక్కి తిప్పండి!" మైకులో అరిచి అరిచి కోస్ట్‌గార్డ్ అధికారిణి మరిసెల గొంతు బొంగురుపోయింది.

అంతరిక్షం నుంచి అప్పుడే దిగిన వ్యోమనౌక, లోపల నలుగురు మనుషులతో అమెరికాలోని పెన్సకోలా తీరం దగ్గర సముద్రంలో ఊగుతోంది. చుట్టూ షికారు పడవలు, జెండాలు, బీరు సీసాలు, ఫోన్లు. అందరికంటే ముందు దూసుకొస్తున్నది మాత్రం ముసలి జాలరి డెల్మర్ రొయ్యల పడవ.

మరిసెల తన బోటును దానికి అడ్డం పెట్టేసింది.

"ఈ వయసులో సిగ్గు లేదూ? ఫొటో కోసం ప్రాణాలు తీస్తారా?"

"ఫొటో ఎవడిక్కావాలి?" డెల్మర్ చేతిలోని లావుపాటి తాడు ఎత్తి చూపించాడు. "నీళ్ళల్లో మనుషులున్నారు. చూసి కూడా వెనక్కి తిరగడం మా ఇంటా వంటా లేదు. నువ్వేం సముద్రపు పిల్లవమ్మా?"

మరిసెల నోట్లో తిట్టు ఆగింది గానీ, కోపం ఆగలేదు.

"ఆ వ్యోమనౌక నుంచి కారే ఇంధనం ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులు కాలిపోతాయి. ఈ పడవలన్నీ పోయేదాకా వాళ్ళని బయటికి తీసే మా ఓడ దగ్గరికి రాలేదు. అందాకా వాళ్ళు లోపలే ఉడికిపోవాలి. కాపాడ్డానికొచ్చి మీరే బయట గొళ్ళెం పెడుతున్నారు!"

డెల్మర్ వ్యోమనౌక వైపు చూశాడు. వెనక తోసుకొస్తున్న పడవల వైపు చూశాడు. తాడు కింద పడేశాడు.

రొయ్యల పడవ గిర్రున తిరిగి, షికారు పడవల దారికి అడ్డంగా నిలబడింది.

"ఆగండ్రా!" మైకు లేకుండానే అతని కేక అన్ని పడవలకీ వినిపించింది. "సిగ్గు లేదట్రా మీకు? అక్కడ నీళ్ళల్లో మనుషులున్నారు!"