దమ్ము సూది

“ఆ సూది పక్కన పెట్టు సారు,” అంటూ లచ్చవ్వ డాక్టర్ గోవర్ధన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బల్ల మీద మనిషి గొంగడిలో ముడుచుకొని ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. రజాకార్లు తిరిగే దారి తప్పించి, పాలకుర్తి దిక్కు నుంచి మహబూబాబాద్ దాకా బండిలో పడుకోబెట్టుకొని తెచ్చింది ఆమే.

రాగానే డాక్టర్ పేరడిగితే, “ఆ పేరు నా నోట రాదు,” అంది. పెనిమిటి పేరు పలకని ఆడవాళ్లను రోజూ చూసేవాడే కనుక ఆయన నవ్వి ఊరుకున్నాడు.

“సూది ఇస్తేనే ఈ ఆయాసం, దమ్ము తగ్గేది.”

“మరి గుండె? నీ కాంపౌండర్‌తోటి అన్నది ఇన్న. గిట్లనే ఒళ్లు నల్లబడ్డోళ్లు ఇద్దరు గీ సూదికే పోయిండ్రట.”

గోవర్ధన్ దాచలేదు. పైగా హుషారుగా చెప్పాడు. కొందరి ఒంట్లో ఇనుము పేరుకుపోయి చర్మం నల్లబడుతుంది, కాలేయం గట్టిపడుతుంది, గుండె నీరసిస్తుంది. ఈ సూది ఊపిరి గొట్టాలను తెరుస్తుంది గానీ గుండెను పరుగెత్తిస్తుంది. ఆ జబ్బుకూ ఈ సూదికీ పొసగదని ఆయన అనుమానం. “మూడో మనిషిలోనూ అదే కనిపిస్తే రుజువైనట్టే. పట్నం డాక్టర్లు నా మాట నమ్ముతారు.”

లచ్చవ్వకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ప్రాణం పోతుందని తెలిసీ పొడిచి చూస్తానంటున్నాడు, చదువుకున్న పెద్దమనిషి.

“నీ రుజువుకు మేమే దొరికినమా? గీయన సస్తే ఏం మొఖం పెట్టుకొని ఊర్లకు పోవాలె? పాణంతోటి తోల్కొస్తనని అందరికి మాటిచ్చి వచ్చిన. వేరే మందు లేదా?”

“ఉంది. నిదానంగా పనిచేస్తుంది. అందాకా పడుకోనివ్వకుండా పట్టుకొని కూర్చోవాలి.”

“కూసుంట.”

పొద్దువాలేదాకా అతణ్ని భుజానికి ఆనించుకొని కూర్చుంది. నుదురు తుడిచింది, చెంచాతో నీళ్లు పోసింది. నడుము పడిపోతున్నా కదలలేదు. అతను తల వాల్చేసినప్పుడల్లా “ఊపిరి తియ్యి, ఇప్పుడే పోతే ఊకోను,” అని గదమాయించింది. చివరకు పిల్లికూతలు తగ్గాయి.

డాక్టర్ మొహం ముడుచుకొనే నాడి చూశాడు. “నా రుజువు నాకు దక్కలేదు గానీ, నీ పెనిమిటి నీకు దక్కాడు.”

“నా పెనిమిటి ఇంటికాడ ఉన్నడు,” అంది లచ్చవ్వ, గొంగడి సర్దుతూ. “గీయన రేపు సంఘం పంచాయితీల, మంది ముంగట నిలబడి జవాబు చెప్పాలె.”

“ఎవరీయన?”

“నా కొడుకును కాల్చి సంపినోడు.”