మంగళవారం సాంబ్రాణి

"అలారం మోగేట్టుందండీ! విసరండి, గట్టిగా విసరండి!"

సరోజన కేకకి భీమారావు గారు స్టూలెక్కి, స్మోక్ అలారం కింద తువ్వాలు ఊపడం మొదలుపెట్టారు. బేస్‌మెంట్ మెట్ల మీద సాంబ్రాణి కప్పు గుప్పుగుప్పున పొగలు కక్కుతోంది. వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న లోహిత్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, తలుపు దగ్గర నిలబడి, ఆ పొగని గుండెల నిండా పీల్చుకున్నాడు. హమ్మయ్య, ఈ పూట కూడా గండం గడిచింది!

గండమంటే గండమే మరి. కెనడాలోని గ్వెల్ఫ్ ఊరి బయట పందుల ఫారంలో అతనికి పార్ట్‌టైమ్ పని. కొట్టం కింద గుంటలోంచి లేచే అమ్మోనియాకి కళ్ళు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. గాలి తిరిగిందంటే ఆ రోడ్డున పోయేవాళ్ళు కూడా కారు అద్దాలు ఎత్తేసుకుంటారు. ఎంత రుద్ది స్నానం చేసినా ఆ కంపు జుట్టుని వదలదు. దాని మూలంగానే పాత రూమ్మేట్లు అతని సామాను బయట పెట్టేశారు. ఊరంతా స్టూడెంట్లే, రూము దొరకడం గగనమైపోయిన రోజులు. ఇదీ పోతే చదువు మానేసి, విమానమెక్కి కరీంనగర్ పోవాల్సిందే. అందుకే సరోజన ఆంటీకి "ఫుడ్ కంపెనీల పని" అని చెప్పి ఊరుకున్నాడు.

అదృష్టం ఏమిటంటే, ఆంటీ మహా భక్తురాలు. మంగళవారం ఆంజనేయుడికి, శనివారం వెంకన్నకి, ఆదివారం సూర్యభగవానుడికి. సరిగ్గా అతని షిఫ్టు రోజుల్లోనే ధూపం! దేవుడు తనని ఇలా కాపాడుతున్నాడని లోహిత్ గట్టిగా నమ్మేశాడు.

"మీ అంత భక్తి మా అమ్మకి కూడా లేదు ఆంటీ."

"సర్లే, ముందు స్నానం చేసిరా. అన్నం కిందికి పంపిస్తా."

భీమారావు గారు ఖళ్ళు ఖళ్ళున దగ్గుతూ స్టూలు దిగారు. "అలవాటు లేదోయ్ ఈ పొగ," అన్నారు.

"ఇన్నేళ్ళ నుంచీనా అంకుల్?" అని లోహిత్ నవ్వాడు. ఆయన కూడా నవ్వేసి ఊరుకున్నారు.

జీతం వచ్చిన శనివారం అతను ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి చేమంతులు, ఫ్రేము కట్టిన వెంకన్న పటం కొన్నాడు. వచ్చి మెట్ల కిందనుంచి పిలిచాడు.

"ఆంటీ, వచ్చే టర్మ్ కూడా ఉండొచ్చా?"

"చదువయ్యేదాకా ఉండు నాయనా. నిన్నెవరు పొమ్మన్నారు?"

లోహిత్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ పరాయి దేశంలో ఇంత మంచి మనుషులు దొరికారు, ఇంకేం కావాలి!

"మీ దేవుడికి పూలు తెచ్చిన ఆంటీ. పైకి రావచ్చా?"

పైనుంచి భీమారావు గారి గొంతు వినిపించింది. "రానీ సరోజా. పాపం, ప్రేమగా తెచ్చాడు."

లోహిత్ చెప్పులు విప్పి, ఆ ఇంట్లో మొదటిసారి పైకి వెళ్ళాడు. సరోజన ఎదురొచ్చి పటాన్ని రెండు చేతులా అందుకుంది. దేవుడి గది ఎటువైపోనని అతను హాలంతా చూశాడు.

గోడ మీద ఉన్నది ఒక్క శిలువే.