హారతి వద్దన్న కారు

"మేడం, కారు అక్కడ ఆపకూడదు. తీసెయ్యండి" అన్నాడు వాచ్‌మన్.

శారదాదేవి ఇంజన్ ఆపి, తాళం చేతిలో పట్టుకుని దిగింది. మొయినాబాద్‌లోని ఆ షోరూం ముందు రేకుల పందిరి కింద, పూలదండలు వేసిన రెండు కొత్త కార్ల మధ్య ఖాళీలో ఆ తెల్లకారు సరిగ్గా కుదిరింది. పక్క సీటులోంచి దిగిన ఆమె భర్త ముకుందం ఎవరి ముఖమూ చూడకుండా కర్చీఫ్ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చేవెళ్ల బజారులో కిరాణా దుకాణం నడిపే మనిషి. మొండి గిరాకీ మీద కూడా గొంతు పెంచి ఎరగడు.

"సర్వీసు మేనేజరు సారును పిలువు తమ్మీ. చేవెళ్ల శారదాదేవి వచ్చిందని చెప్పు" అంది.

ఆ పేరు మేనేజరు ఈశ్వరరావుకు బాగా తెలుసు. వారం నుంచి ఆమె ఫోన్లు చేస్తూనే ఉంది. ఆ రకం కార్లలో పెట్రోల్ పైపు లోపం వల్ల ఇంజన్‌కు మంటలు అంటుకోవచ్చని, ఉచితంగా బాగుచేస్తామని, అంతదాకా నడపవద్దని, ఇంటికి దూరంగా ఉంచమని కంపెనీయే మెసేజ్ పంపింది. శారదాదేవి వాళ్లు కారు పెట్టుకునేది దుకాణం వెనక, నూనె డబ్బాల గోదాం పక్కన. గోదాం పైనే ఇల్లు. తోసి బయట పెడదామంటే గల్లీ ఎత్తుగా ఉంటుంది. అందుకే లారీ పంపి ఎత్తుకెళ్లమని ఆమె అడుగుతోంది. కంపెనీ మెసేజ్‌లు అలాగే ఉంటాయని, నడుపుకుంటూ వచ్చేస్తే ఏమీ కాదని అతను ప్రతిసారీ ఒకే జవాబు చెబుతున్నాడు.

ఇప్పుడు బయటికి వచ్చి, ఆ ఇద్దరినీ కారునూ చూసి అతని ముఖం విప్పారింది.

"చూశారా అండీ, నేను చెప్పలేదూ? హాయిగా వచ్చేశారు. ఊరికే కంగారుపడ్డారు."

"వచ్చినం సార్. తొవ్వల ఏం కాలే" అంది శారదాదేవి.

అయితే ఇవాళ శుక్రవారమని, అన్నీ కొత్త కార్ల డెలివరీలేనని, ఇంటికి తీసుకెళ్లి వచ్చేవారం మళ్లీ తెచ్చుకోమని అతను సలహా ఇచ్చాడు.

"ఏం కానిదానికి ఇంటికెందుకు సార్. ఇక్కడ్నే ఉండనియ్యండి."

ఈలోగా పూజ చేసే పంతులు మొదటి కారు ముగించుకుని ఇటు జరిగాడు. ఆయన కళ్లకు మూడు కార్లు ఒకే వరసలో ఉన్నాయి. మూడూ పూజకే అనుకున్నాడు. తెల్లకారు బానెట్ మీద పసుపు, కుంకుమ పెట్టాడు. టైర్ల కింద నిమ్మకాయలు ఉంచాడు. పళ్లెంలో గుప్పెడు కర్పూరం పోసి వెలిగించాడు. జానెడు మంట లేచింది. మంత్రం అందుకుని పళ్లేన్ని బానెట్ దగ్గరికి తెచ్చాడు.

"పంతులుగారూ, ఆగండి. ఆ కారుకు హారతి వద్దు."

అరుస్తూనే ఈశ్వరరావు పరుగెత్తాడు. పళ్లెం లాక్కుని, వేళ్లు కాలుతున్నా వదలకుండా తీసుకెళ్లి పూలకుండీ మట్టిలో బోర్లించాడు. పంతులు చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి.

ముందుగా తేరుకున్నది ఆలూరు సాయిలు. రెండో కొత్త కారు అతనిదే. పూజ కోసం పెళ్లాం పిల్లలతో పొద్దుటి నుంచి కూర్చున్నాడు.

"గదేంది సార్, వెలిగిచ్చిన హారతి ఆర్పుతరా? గా కారుకేమైంది?"

"ఏమీ లేదండీ, చిన్న..."

"నాది గూడ గదే మాడల్ గద."

ఈశ్వరరావు కాలిన వేళ్లను చొక్కాకు తుడుచుకున్నాడు. శారదాదేవి గొంతు పెంచలేదు.

"వేడి ఇంజన్‌తోని చేవెళ్ల కాడ్నుంచి నడుపుకుంట రమ్మన్నరు సార్. గిప్పుడు ఆపిన బండి ముంగట కర్పూరం చూస్తెనే మీకు చెమటలు పట్టినయి. మేము నూనె డబ్బాల పక్కన పెట్టుకొని, మీద పండుకుంటున్నం."

సాయిలు తన కొత్త తాళంచెవి తెచ్చి మేనేజరు చేతిలో పెట్టాడు. ఈ ముచ్చట తేలాకే బండి తీస్తానన్నాడు. మొదటి కారు వాళ్లు కూడా దండ వేసిన తమ కారు దిగి వచ్చి నిలబడ్డారు.

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. కొత్త కార్లలో పైపు మార్చేశారని, వాటికి ఏ భయమూ లేదని ఈశ్వరరావు బానెట్ ఎత్తి మరీ చూపించాడు. శారదాదేవి వాళ్ల కారుకు లారీ పిలిచాడు. బాగయ్యే దాకా తిరగడానికి షోరూం కారు ఇస్తానన్నాడు. ఇక మీద ఫోన్ చేసిన ప్రతి ఇంటికీ లారీ పంపుతామన్న మాట మాత్రం అతను గొణిగాడు. సాయిలుకు వినబడలేదేమో, జర గట్టిగా చెప్పమని శారదాదేవి కోరింది. అతను గట్టిగా చెప్పాడు. సాయిలు తాళంచెవి వెనక్కి తీసుకున్నాడు. పంతులు మళ్లీ కర్పూరం తీశాడు.

కాసేపటికి లారీ వచ్చింది. డ్రైవరు దిగి, గొలుసు పట్టుకుని తెల్లకారు ముందు వంగాడు.

"అన్నా, దాన్ని ముట్టకు. చేవెళ్లకు పోవాలె" అంది శారదాదేవి. "మా కారు గోదాం పక్కన్నే ఉన్నది. మెసేజ్ వచ్చిన కాడ్నుంచి దాన్ని స్టార్టే చెయ్యలే."

ఈశ్వరరావు ఆమె వంకా కారు వంకా మార్చి మార్చి చూశాడు. "మరి ఇదెవరిదండీ?"

ముకుందం అప్పుడు కర్చీఫ్ తీశాడు. ఇంతసేపూ దాని వెనక దాచుకున్న నవ్వు ఇక ఆగలేదు.

"మా చెల్లెది సార్. పోయిన నెల మీరే పైపు మార్చి, ఇగ దీని మీద పటాకులు కాల్చినా ఏం కాదని చెప్పి పంపిచ్చిన్రు."