దవడ ఎముక రిపోర్టు

"ఈ దవడ ఎముకలో వేటగాళ్ల రక్తమూ రైతుల రక్తమూ కలిసే ఉన్నాయి సార్," అంది సహాయకురాలు సిగ్నే, ల్యాబ్ రిపోర్టు బల్లమీద పెడుతూ.

ప్రొఫెసర్ హాల్వ్‌దాన్ రొట్టె నమలడం ఆపలేదు. రాతియుగంలో ఆ రెండు జాతులూ డెన్మార్క్‌లో కలవనే లేదని ఆయన నలభై ఏళ్లుగా రాస్తున్నాడు.

"ల్యాబువాళ్లకు మతి పోయిందమ్మా."

"తవ్వకంలో దొరకగానే మీరు దీన్ని నాకారా?"

"నాకకపోతే ఎముకో రాయో ఎలా తెలుస్తుంది? ఎముకైతే నాలుకకు అతుక్కుంటుంది. మా గురువుగారూ నాకేవారు."

"ఎముకలోని డీఎన్ఏ ఎప్పుడో నశించిందట సార్. ఇందులో దొరికిందంతా మీ ఉమ్మిదే."

ఆయన రొట్టె కింద పెట్టాడు. రిపోర్టు మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు.

"ఇంతకీ వేటగాళ్లు మా అమ్మ తరఫా, నాన్న తరఫా?"

"ఇద్దరి తరఫునా సార్."