బీట్‌రూట్ ఆకులు

ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు.

కూరల కొట్టువాడికి ఒళ్ళు మండింది. ఈయన కొనేది గుప్పెడు, అడిగేది గంపెడు. క్యారెట్ తిప్పి చూస్తాడు, బీన్స్ పక్కన పాలకూర పెట్టి దేంట్లో బలం ఎక్కువని ఆరా తీస్తాడు.

ఈసారి ఇంకోటి పట్టుకొచ్చాడు.

"దేంట్లో ఇనుము ఎక్కువ ఉంటుంది బాబూ?"

"ఇనుము కావాలంటే పాతసామాన్ల కొట్టుకెళ్ళండి. ఇక్కడ కూరలే దొరుకుతాయి."

పక్కన ఉల్లిపాయలమ్మే అక్క పగలబడి నవ్వింది. పెద్దమనిషీ నవ్వాడు. కొట్టువాడికి అదే ఇంకా చిరాకు.

అసలే వాడి మనసు మనసులో లేదు. కూతురికి మళ్ళీ రక్తం ఎక్కించాలి. దానిది ఓ పట్టాన దొరికే రక్తం కాదు. ఆసుపత్రివాళ్ళు కబురు పెడితే ఎవరో ఒకాయన వచ్చి ఇచ్చిపోయేవాడు. ఈమధ్య ఆయన దగ్గరా కుదరలేదు, కాస్త ఆగమన్నారు. పిల్లేమో నాలుగు మెట్లెక్కితే కూలబడిపోతోంది. ఆ ఇచ్చేవాడు మొహం చాటేసి ఉంటాడని పొద్దున్నే అక్క దగ్గర తిట్టిపోశాడు కూడా.

పాలకూర తాజాగా ఉంది, ఎలాగూ అమ్ముడుపోతుంది. బీట్‌రూట్ కుప్పే పొద్దుట్నుంచీ కదల్లేదు.

"బీట్‌రూట్ తినండి. ఆ ఎరుపు చూస్తే తెలియట్లా? పాలకూర దీనిముందు దిగదుడుపే."

పిచ్చి మారాజు నమ్మేశాడు. ఆకులతో సహా ఇమ్మన్నాడు.

ఆకులు పశువులకి తప్ప మనుషులకి పనికిరావని చెప్పి, కొట్టువాడు టకటకా కోసి బుట్టలో పడేశాడు. ఆ బుట్ట పాలవాడికి. బదులుగా వాడు పిల్లకి గ్లాసుడు పాలు పోస్తాడు.

అది మొదలు పెద్దమనిషి ఎప్పుడొచ్చినా బీట్‌రూటే. ఆకులు అడగడం, లేదనిపించుకోవడం, నవ్వుతూ సంచి భుజానేసుకోవడం.

ఓ రోజు మధ్యాహ్నం బడి నుంచి ఫోనొచ్చింది. పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది, ఆసుపత్రిలో చేర్చారు. కొట్టు అక్కకి అప్పజెప్పి పరిగెత్తాడు.

రక్తం ఇంకో ఊరినుంచి రావాలని, ఎప్పటికొస్తుందో చెప్పలేమని నర్సు అంది.

"ఎప్పుడూ ఇచ్చే ఆయన్ని ఒక్కసారి పిలవండి సిస్టర్. కాళ్ళు పట్టుకుంటాను."

"పొద్దున్నే వచ్చాడండీ. రక్తం ఇంకా పల్చగానే ఉంది. వయసు కూడా మీద పడింది, ఇక రావద్దని డాక్టరుగారు పంపేశారు. 'పర్లేదమ్మా తీసుకోండి, చిన్నపిల్ల కదా' అని ఒకటే బతిమాలాడు."

నర్సు గొంతు తగ్గించింది.

"ఇనుము ఉన్నవి బాగా తిని రమ్మని పోయినసారే చెప్పాం. పాపం, రోజూ తిన్నాడట."

బీట్‌రూట్ రంగు అంటిన చేతిని కొట్టువాడు వెనక్కి దాచుకున్నాడు.

అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"ఏం తిన్నాడట?"

"వట్టి దుంపలండీ. ఇనుము ఎక్కువుండేది ఆకుల్లోనే కదా అని మేమంటే, కూరల కొట్టాయన చాలా మంచివాడమ్మా, పనికిరాని ఆకులన్నీ శుభ్రంగా కోసేసి మరీ బీట్‌రూట్ ఇస్తున్నాడని మాతో చెప్పుకుని మురిసిపోయాడు."