బొచ్చు రాలని కుక్క

కొల్లప్ప రెండుసార్లు వచ్చి గేటు దగ్గరినుంచే వెనక్కి పోయాడు. మూడోసారి గొళ్లెం తీశాడు.

పావగడ ఊరి బయట ఉన్న ఆ పాత పెంకుటింటిని జనం కుక్కల హాస్టలు అంటారు. మనుషులకే గంజి కరువైన తాలూకాలో కుక్కలకు హాస్టలేమిటని నవ్వుతారు కూడా. నవ్వేవాళ్లలో సగంమంది, వానల్లేక బెంగళూరుకు కూలికి పోతూ తమ కుక్కను రోడ్డుమీద వదిలినవాళ్లే. అట్లాంటివన్నీ చివరికి ఇక్కడికే చేరాయి. వాటిని సాకేది నల్లమ్మ. చిన్న వయసే గానీ మాట కాస్త కరుకు.

"ఏం కావల్లప్పా?" అంది, గిన్నెలు కడుగుతూ.

"ఒక కుక్క కావల్లమ్మా. చిన్నది. బొచ్చు రాలకూడదు."

నల్లమ్మ తలెత్తి చూసింది. కుక్క కాపలా కాస్తుందా, కరుస్తుందా అని అడిగినవాళ్లున్నారు గానీ, బొచ్చు సంగతి అడిగిన మనిషి ఈ చుట్టుపక్కల ఇతనొక్కడే.

"మా ఇంటామెకు ఆయాసం. దుమ్మూ బొచ్చూ పడవని డాక్టరు చెప్పినాడు. పొద్దంతా గోడకానుకోని ఒకతే కూచోనుంటాది. ఇంట్లో ఒక ప్రాణి తిరుగుతా ఉంటే బాగుంటాదని మొన్న ఆమే అనింది. ఆమె నోరు తెరిచి ఏదైనా అడిగి ఎన్నేండ్లయిందో."

ఈసారి ఉత్త చేతులతో పోతే ఆమె మళ్లీ ఏదీ అడగదు. అది అతనికి తెలుసు.

నల్లమ్మ లోపలికి పోయి ఒక తెల్ల కుక్కను ఎత్తుకొచ్చింది. పిల్లికన్నా కాస్త పెద్దది. ఉంగరాల బొచ్చు. బదిలీ అయిన ఇంజనీరెవరో వదిలిపోయాడట.

"దీనికి రాలదు. కాకపోతే రోజూ దువ్వల్ల. నెలకొకతూరి కత్తిరించల్ల. చేస్తారా?"

"చేస్తామమ్మా."

"అందరూ అట్లనే అంటారు." కుక్కను ఒళ్లో పెట్టుకుని బల్లమీది కాగితం ముందుకు లాక్కుంది. "పేరు?"

"కొల్లప్ప."

"ఊరు?"

"నాగలమడిక."

"ఇంటామె పేరు?"

"సుంకమ్మ."

పెన్ను ఆగింది. రాయడం లేదేమో, రెండుసార్లు విదిలించి మళ్లీ రాసింది.

ఆ తర్వాత అందుకుంది. ఇంట్లో ఎందరు? పగలు ఎవరుంటారు? వండినప్పుడు ముందు ఎవరికి పెడతారు? కొట్టే అలవాటుందా? జబ్బు చేస్తే ఏం చేస్తారు? పిల్లనిచ్చేటప్పుడు కూడా ఎవరూ ఇన్ని ఆరాలు తీయరు. కొల్లప్ప చేతులు కట్టుకుని ఒక్కోదానికీ జవాబిచ్చాడు.

"మళ్లీ కరువొస్తే?"

"వచ్చినా ఈతూరి వదలను."

"ఈతూరా? అంటే ముందొకతూరి వదిలినావు."

కొల్లప్ప తల దించుకున్నాడు. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. నోరు రాలేదు.

"వదిలినానమ్మా. శెనక్కాయ చేతికొస్తానే తెచ్చుకుందామనే వదిలినా."

ఆ పక్క పెళ్లైనా, ఇల్లు కట్టడమైనా, ఇచ్చిన మాటైనా అన్నీ శెనక్కాయ కోతకే వాయిదా. వాన మాత్రం ఆ వాయిదా ఒప్పుకోదు.

"ఆ ఏడు ఊడలు మన్నులోకి దిగి కాయ పట్టకముందే చేను ఎండిపోయింది. మరుసటేడూ అంతే. ఆపైన పోదామంటే నాకు మొగం చెల్లలేదు."

"దానికి పెట్టిన పేరన్నా గుర్తుండాదా?"

"యాడ మరుస్తాను తల్లీ."

"మళ్లీ ఎప్పుడన్నా చూసినావా?"

"చూసినా. దూరంనుంచి. బాగుండాది. నన్ను గుర్తుపట్టదులే అనుకోని తిరిగొచ్చినా."

"అట్లెందుకనుకున్నావు?" నల్లమ్మ కుక్క చెవులు సవరిస్తూ ఉంది. "వదిలినోళ్లే మరిచిపోతారప్పా. ఇవి మరిచిపోవు."

భూమి చీలితే లోపలికి పోవాలనిపించింది కొల్లప్పకు. ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

"వద్దులేమ్మా. నాలాంటోనికి ఇచ్చేది న్యాయం కాదు." వెనక్కి తిరిగాడు.

"యాడికి పోతావు? ఇయ్యనని నేనన్నానా?" నల్లమ్మ వెనకే వచ్చి కుక్కను అతని చేతుల్లో పెట్టింది. "నిన్ను చూసి ఇచ్చేది కాదు. ఆయమ్మ కోసం. నెలకొకతూరి మీ ఇంటికొచ్చి చూసిపోతా. సరిగ్గా చూసుకోకుంటే తెచ్చేసుకుంటా."

"నువ్వే వస్తావా? మా ఇంటికి?"

"నేనే. కుక్కను ఇచ్చిన ప్రతి ఇంటికీ పోతా. అది రూలు."

కొల్లప్ప భుజంమీది తువ్వాలు కొస విప్పి, మూటగట్టి తెచ్చిన శెనక్కాయలు బల్లమీద పోశాడు. కుక్కను ఊరకే తెచ్చుకోకూడదు, ఇంత గింజ ఇచ్చి తెచ్చుకుంటేనే ఇల్లు విడవకుండా ఉంటుందని వాళ్ల నమ్మకం. నల్లమ్మ ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుంది.

"ఈ ఏడు బాగానే పండినట్టుండాది."

"పండిందమ్మా."

ఇంకేదో చెప్పాలనుకున్నాడు. ఇంత దూరం వచ్చింది దానికోసం కూడా. చెప్పకుండానే కుక్కను గుండెకు హత్తుకుని గేటు దాటాడు. దారంతా ఆమె అడిగినవి లెక్కపెట్టుకున్నాడు. ఒక్క కుక్క కోసం పద్నాలుగు ప్రశ్నలు.

పదహారేళ్ల కిందటి కరువులో, ఈ ఇల్లు ఇంకా దిక్కులేని పిల్లల హాస్టలుగా ఉన్న రోజుల్లో, ఆరేళ్ల కూతురు నల్లమ్మను ఇదే గేటు లోపల వదిలి బెంగళూరు బస్సెక్కినప్పుడు, కొల్లప్పను ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.